మనిషి పుట్టుక పాఠం: ఒక్క తగవులో ఇరుక్కున్న నాలుగు ప్రశ్నలు

"ఇవాళ మనం చూస్తున్న మనుషులు అంతకు ముందున్న జంతుజాతుల నుంచి వచ్చారు." ఇది నిజమా, కాదా?

2012లో అమెరికాలో జరిగిన ఒక జాతీయ సర్వేలో ఇలా అడిగితే 48 శాతం మంది 'నిజం' అన్నారు. అదే సర్వేలో ఇంకొందరికి వాక్యం ముందు ఓ చిన్న ముక్క తగిలించారు: "పరిణామ సిద్ధాంతం ప్రకారం". ఈసారి 72 శాతం మంది 'నిజం' అన్నారు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న 24 శాతం దగ్గర కాసేపు ఆగాలి. మొదటి అంకె ఒక్కటే చూసినవాళ్ళు "సగం మందికి సైన్స్ రాదు" అనేస్తారు. కానీ ఆ సగంలో చాలామందికి సైన్స్ ఏం చెబుతుందో తెలుసు. తెలిసీ, దాని కింద సంతకం పెట్టడం లేదు. తెలియకపోవడం వేరు, ఒప్పుకోకపోవడం వేరు. బడిలో పాఠం చెబితే మొదటిది తీరుతుంది. రెండోది తీరుతుందన్న గ్యారంటీ లేదు.

అమెరికాలో ప్రజాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018లో ఇంకో పద్ధతిలో చూసింది. మనుషులు కాలక్రమంలో మారుతూ వచ్చారా, మొదటి నుంచీ ఇలాగే ఉన్నారా అని ముందు అడిగి, మారారన్నవాళ్ళను మాత్రమే దేవుడి పాత్ర గురించి అడిగితే, 31 శాతం మంది 'ఇలాగే ఉన్నారు' వైపు వెళ్ళారు. 'దేవుడి ప్రమేయంతో మారారు' అన్న జవాబును మొదటే మిగతావాటితో కలిపి ముందుంచితే 'ఇలాగే ఉన్నారు' అన్నవాళ్ళు 18 శాతానికి తగ్గారు. అంటే కొంతమంది కాదంటున్నది పరిణామాన్ని కాదు, దేవుణ్ణి పక్కన పెట్టమన్నట్టు వినిపించిన ప్రశ్నని.

ఈ తగవు ఎప్పుడు రాజుకున్నా జరిగేది ఇదే. నిజంగా జరిగిందేమిటి అన్నది ఒక ప్రశ్న. అది నిజమైతే మనిషికీ దేవుడికీ దాని అర్థం ఏమిటన్నది ఇంకొకటి. పిల్లలకు ఏ వయసులో ఎంత చెప్పాలన్నది మూడోది. అది తేల్చాల్సింది శాస్త్రవేత్తలా, తల్లిదండ్రులా, ప్రభుత్వమా, కోర్టా అన్నది నాలుగోది. ఒకరు మొదటిదానికి జవాబు చెబుతుంటే ఎదుటివారు రెండోదాని మీద కోప్పడుతుంటారు.

మాటల దగ్గరే మొదలైన తిరకాసు

ఇంగ్లీషులో ఈ గొడవ 'థియరీ' అన్న మాట చుట్టూ తిరుగుతుంది. వాళ్ళ మామూలు మాటల్లో థియరీ అంటే ఊహ. అందుకే "ఇది ఒట్టి థియరీయే కదా" అంటారు. తెలుగులో చిక్కు వేరే రకం. మనకు సిద్ధాంతం అంటే ఊహ కాదు, దాదాపు మతం. అద్వైత సిద్ధాంతం, పార్టీ సిద్ధాంతం, సిద్ధాంతం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు... ఆ వరసలోనే 'డార్విన్ సిద్ధాంతం' కూడా వినబడుతుంది. ఎవరో ఒక పెద్దాయన చెప్పాడు, ఆయన శిష్యులు పట్టుకున్నారు, ఇష్టమైతే మనమూ పట్టుకోవచ్చు అన్నట్టు.

సైన్స్‌లో సిద్ధాంతం అంటే వేరువేరు దారుల్లో దొరికిన బోలెడు సాక్ష్యాలను ఒక్కచోట కలిపి వివరించే చట్రం. క్రిముల వల్ల జబ్బులు వస్తాయన్నదీ ఆ అర్థంలో సిద్ధాంతమే. ఇంకా రుజువు కాని ఊహకు 'పరికల్పన' అని వేరే మాట ఉంది గానీ దాన్ని పాఠ్యపుస్తకం బయట ఎవరూ వాడరు.

'పరిణామం'దీ ఇదే కథ. వార్తల్లో "తాజా రాజకీయ పరిణామాలు" అంటే సంఘటనలు. "తీవ్ర పరిణామాలుంటాయి" అంటే బెదిరింపు. జీవశాస్త్రంలో మాత్రం తరతరానికీ వారసత్వ లక్షణాల్లో వచ్చే మార్పు అని అర్థం. అందులో మెరుగవడం, పైమెట్టు ఎక్కడం అన్న భావం లేదు.

అన్నిటికన్నా తప్పుదారి పట్టించేది "మీరు డార్విన్‌ని నమ్ముతారా?" అన్న ప్రశ్న. నమ్మకం అన్న మాట రాగానే చర్చ సాక్ష్యం నుంచి విధేయత వైపు జారిపోతుంది. 1859లో డార్విన్ పుస్తకం వచ్చేనాటికి జన్యువు అన్న భావనే లేదు. వారసత్వం ఎలా నడుస్తుందన్నదాని మీద ఆయన చెప్పింది తప్పని తర్వాత తేలింది. అయినా పరిణామశాస్త్రం కూలలేదు, ఎందుకంటే అది ఆయన మాట మీద నిలబడింది కాదు.

కోతి ఇంకా ఎందుకు ఉంది?

"మనిషి కోతి నుంచి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి?" క్లాసులో ఎవరో ఒకరు అడిగి తీరతారు. పిచ్చి ప్రశ్న కాదది. మనం చెప్పే తీరులోని లోపం వల్ల పుట్టిన ప్రశ్న.

మన భాషనే తీసుకుందాం. తెలుగు తమిళం నుంచి పుట్టిందని ఎవరైనా అంటే మనకు ఒళ్ళు మండుతుంది. "కాదండీ, రెండూ ఒక మూల ద్రావిడ భాష నుంచి విడిపోయిన అక్కచెల్లెళ్ళు" అని సరిచేస్తాం. ఆ మూల భాష ఇప్పుడు లేదు. రెండు కొమ్మలూ వాటి దారిన అవి మారుతూ వచ్చాయి. "తెలుగు వచ్చాక తమిళం ఇంకా ఎందుకుంది?" అని ఎవరూ అడగరు. మనిషి, చింపాంజీల సంబంధం సరిగ్గా ఇదే. ఇప్పుడున్న చింపాంజీ నుంచి మనం రాలేదు. ఇద్దరికీ సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఉమ్మడి పూర్వీకులున్నారు. వాళ్ళు ఇప్పుడు లేరు.

అదే పోలిక ఇంకో చిక్కునూ విప్పుతుంది. "మొదటి మనిషి ఎవరు?" ఆరో శతాబ్దపు కలమళ్ళ శాసనంలోని తెలుగు ఇవాళ మనకు చదివి వినిపించినా అర్థం కాదు. మరి పాత తెలుగు మాట్లాడే తల్లికి కొత్త తెలుగు మాట్లాడే బిడ్డ ఏ ఏడాది పుట్టింది? అలాంటి రోజే లేదు. ప్రతి తల్లికీ బిడ్డ మాట అర్థమైంది, అయినా పద్నాలుగు వందల ఏళ్ళలో భాష గుర్తుపట్టలేనంతగా మారింది. పోలికలకు హద్దుంటుంది. భాషలు పక్క భాషల నుంచి మాటలు ధారాళంగా అరువు తెచ్చుకుంటాయి, జంతువుల్లో అంత స్వేచ్ఛ లేదు. అయినా ఈ ఒక్క విషయానికి ఇంతకన్నా మంచి పోలిక నాకు తట్టలేదు.

ఎవరూ చూడలేదు కదా

2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని, కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదని, రాయలేదని అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి దాన్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చాయి. నాటి విద్యామంత్రి ప్రకాశ్ జావడేకర్ ఇలాంటి వ్యాఖ్యలు మానుకోమని సహచరుడికి చెప్పానన్నారు.

కానీ "ఎవరూ చూడలేదు" అన్నదానికి ఖండన ప్రకటన జవాబు కాదు. చూడని విషయం ఎలా తెలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక ఉదాహరణ పూర్తిగా నడిపి చూద్దాం.

మన కణాల్లో జన్యువులను మోసే క్రోమోజోములు 23 జతలున్నాయి. చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్‌లకు 24 జతలు. ఇది పరిణామానికి ఎదురుదెబ్బలా కనిపిస్తుంది. ఒక పూర్వీకుడి సంతానమైతే ఒక జత ఎక్కడికి పోయింది? ఊరికే పోయి ఉండదు. అంత జన్యుసమాచారం మొత్తంగా పోతే ప్రాణి బతకదు. కాబట్టి మిగిలే దారి ఒకటే. మన వైపు రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి.

అలా జరిగి ఉంటే గుర్తు ఉండాలి కదా. క్రోమోజోము రెండు చివర్లలోనూ టెలోమియర్ అని ఒకే వరస మళ్ళీ మళ్ళీ వచ్చే భాగం ఉంటుంది. పుస్తకానికి అట్టలాంటిదనుకోండి. రెండు పుస్తకాలు కలిపి కుట్టేస్తే నడిమధ్యలో రెండు అట్టలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. 1991లో మన రెండో క్రోమోజోములో సరిగ్గా అదే దొరికింది: చివర ఉండాల్సిన వరసలు మధ్యలో, ఎదురెదురుగా. పైగా క్రోమోజోముకు ఒకటే ఉండాల్సిన నడుము, సెంట్రోమియర్, అందులో పనిచేసేది ఒకటి, పాడుబడిన దాని ఆనవాలు ఇంకొకటి కనిపిస్తాయి. ఆ క్రోమోజోములోని జన్యువుల వరస చింపాంజీ క్రోమోజోముల్లో రెండింటితో సరిపోతుంది.

అతుక్కోవడం ఎవరూ చూడలేదు. నేరం జరగడం చూడని పోలీసులు వేలిముద్రతో పట్టుకుంటారే, అలాంటిదే ఇదీ. ఇక్కడ అసలు బలం ఇంకోచోట ఉంది. అక్కడ ఆ గుర్తు లేకపోయి ఉంటే, ఉమ్మడి పూర్వీకుల మాట చెప్పేవాళ్ళు గట్టి ఇబ్బందిలో పడేవారు. తప్పని తేలే అవకాశమున్న మాట చెప్పి, పరీక్షకు నిలిచారు.

శిలాజాల సంగతి చాలామంది వినే ఉంటారు. 1974లో ఇథియోపియాలో దొరికిన 'లూసీ' 32 లక్షల ఏళ్ళ నాటిది, నిటారుగా నడిచేది, మెదడు మాత్రం చిన్నది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ ఎముకలతో మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్ళకు వెనక్కి జరిగింది. మోసాలూ జరిగాయి. 1912లో ఇంగ్లండ్‌లో 'పిల్ట్‌డౌన్ మనిషి' అని తెచ్చిన పుర్రె బూటకమని 1953లో తేలింది. నలభై ఏళ్ళు మోసపోవడం సిగ్గుచేటే. పట్టుకున్నది కూడా శాస్త్రవేత్తలే.

మరి శాస్త్రవేత్తలు దేనిమీద కొట్టుకుంటారు? ఏ శిలాజం ఏ కొమ్మది, ఏ మార్పుకు ప్రకృతివరణం (పరిసరాలకు తగ్గ లక్షణాలున్నవే ఎక్కువగా నిలిచి సంతానాన్ని కనడం) ఎంత కారణం, యాదృచ్ఛికత ఎంత, మనవాళ్ళు ఆఫ్రికా దాటి ఎన్నిసార్లు వచ్చారు... వీటి మీద గట్టిగానే. అంతరించిపోయిన మరో మానవజాతి నియాండర్తాల్‌లతో మనకు సంపర్కం లేదని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తాల్‌ల జన్యుక్రమాన్ని చదివాక, ఆఫ్రికా బయటి మూలాలున్న మనుషుల్లో 1 నుంచి 2 శాతం దాకా ఆ వాటా ఉందని తేలింది. 2022లో ఆయనకు నోబెల్ వచ్చింది. పరిణామం జరిగిందా లేదా అన్నది మాత్రం వాళ్ళ తగవుల్లో లేదు. బయట వినేవాళ్ళకు ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి, చిక్కల్లా అదే.

కోర్టు మెట్లెక్కిన పాఠం

ఈ గొడవకు పుట్టినిల్లు అమెరికా. 1925లో టెనెసీ రాష్ట్రం, మనిషి కింది జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పడం నేరమని చట్టం చేసింది. డేటన్ అనే చిన్న ఊళ్ళో జాన్ స్కోప్స్ అనే టీచరు, చట్టాన్ని కోర్టులో పరీక్షించడానికి ఊరి పెద్దలు అడిగితే ఒప్పుకుని నిందితుడిగా నిలబడ్డాడు. 100 డాలర్ల జరిమానా వేశారు. పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది గానీ కారణం వింటే నవ్వొస్తుంది: 50 డాలర్లు దాటిన జరిమానాను జడ్జి కాదు, జ్యూరీ నిర్ణయించాలట. చట్టం మాత్రం 1967 దాకా పుస్తకాల్లోనే ఉంది.

ఈ కథను సాధారణంగా వెలుగుకూ చీకటికీ పోరాటంలా చెబుతారు. అంత సులువు కాదు. ఆ కేసులో వివాదాస్పదమైన 1914 నాటి జీవశాస్త్ర పాఠ్యపుస్తకం జాతుల్లో తెల్లవాళ్ళే అందరికన్నా పైమెట్టు మీదున్నారని రాసింది. 'నాసిరకం' కుటుంబాలు పిల్లల్ని కనకుండా చూడాలనే యూజెనిక్స్‌ను సైన్స్ పేరుతో బోధించింది. ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్‌కు మతంతో పాటు, ఈ భావజాలం బలహీనుల్ని తొక్కేస్తుందన్న భయమూ ఉంది. జీవశాస్త్రం విషయంలో ఆయన పొరబడ్డాడు, ఆ భయం విషయంలో కాదు. పరిణామంలో 'ఎక్కువ తక్కువ' లేవని ఇవాళ పాఠంలో విడిగా చెప్పాల్సి రావడానికి ఈ చరిత్రే కారణం.

తర్వాతి దశాబ్దాల్లో వాదన రూపం మారుతూ వచ్చింది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు, పరిణామాన్ని చెప్పకూడదనే నిషేధం చెల్లదంది. దాంతో వ్యతిరేకులు, ప్రాణుల్ని దేవుడే సృష్టించాడన్నదానికి 'సృష్టి శాస్త్రం' అని పేరుపెట్టి క్లాసులో సమాన సమయం అడిగారు. 1987లో కోర్టు అదీ కుదరదంది. అప్పుడు వచ్చింది 'ఇంటెలిజెంట్ డిజైన్'. ప్రాణుల్లో ఇంత సంక్లిష్టత ఎవరో తెలివైనవారు రూపొందిస్తేనే వస్తుందని, ఆ ఎవరో ఎవరన్నది మాత్రం చెప్పబోమని.

2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూల్ బోర్డు, తొమ్మిదో తరగతి జీవశాస్త్రం క్లాసులో ఒక చిన్న ప్రకటన చదివించాలని తీర్మానించింది. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయని, కావాలంటే ఫలానా పుస్తకం లైబ్రరీలో ఉందని. సైన్స్ టీచర్లు చదవడానికి ఒప్పుకోలేదు. అధికారులే వచ్చి చదివారు. 11 మంది తల్లిదండ్రులు కేసు వేశారు.

విచారణలో ఆ లైబ్రరీ పుస్తకం పాత చిత్తుప్రతులు బయటికొచ్చాయి. 1987 తీర్పుకు ముందు ప్రతుల్లో 'క్రియేషనిస్ట్స్', అంటే సృష్టివాదులు, అని ఉన్నచోట తీర్పు తర్వాత 'డిజైన్ ప్రొపోనెంట్స్' అని మార్చారు. ఒకచోట మార్చే కంగారులో పాత మాట తలా తోకా మిగిలిపోయి, మధ్యలో కొత్త మాట ఇరుక్కుంది: 'సిడిజైన్ ప్రొపోనెంట్సిస్ట్స్'. చెప్పానే, అతుకు గుర్తు. బోర్డు తరఫు నిపుణుడు మైకేల్ బీహీ, తన నిర్వచనం ప్రకారమైతే జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతాల కిందికి వస్తుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నారు. 2005 డిసెంబరులో జడ్జి జాన్ జోన్స్ ఇది సైన్స్ కాదని, మతమని తీర్పిచ్చారు. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్.

అయితే కోర్టు తీర్పుతో క్లాసురూమ్ మారుతుందా? అమెరికా హైస్కూలు జీవశాస్త్ర టీచర్ల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పరిణామాన్ని సూటిగా చెప్పేవారు 28 శాతం, సృష్టివాదం వైపు మొగ్గేవారు 13 శాతం. మిగతా సుమారు 60 శాతం మంది ఇటూ అటూ కాకుండా "పరీక్షకు వస్తుంది, రాసేయండి" అన్న ధోరణిలో దాటేసేవారు. ఏ ఊళ్ళోనైనా టీచరు టెన్షన్ ఇలాగే ఉంటుంది: రేపు తల్లిదండ్రులు వస్తే ఎవరు నిలబడతారు?

బరువున్న అభ్యంతరాలు, తేలిపోయేవి

"రెండు వైపులా చెప్పండి, పిల్లలే తేల్చుకుంటారు" అన్నది అందరికీ నచ్చే వాదన, వినడానికి న్యాయంగా ఉంటుంది. నా లెక్కలో ఇది బలహీనమైనది. రాజకీయశాస్త్రంలో రెండు వైపులు చెప్పాలి. భూమి గుండ్రంగా ఉందన్న పాఠంలో చెప్పం. వైపులు ఎన్నో తేల్చేది సాక్ష్యం, మర్యాద కాదు.

వయసు గురించిన వాదన ఇంతకన్నా గట్టిది. తుర్కియే 2017లో హైస్కూలు జీవశాస్త్రం నుంచి పరిణామాన్ని తీసేస్తూ, ఆ వయసు పిల్లలకు దానికి కావాల్సిన పునాది ఉండదంది. ఇంగ్లండ్ 2014 నుంచి దాన్ని పది, పదకొండేళ్ళ పిల్లల పాఠ్యప్రణాళికలో చేర్చింది. పిల్లల మెదళ్ళు ఆ రెండు దేశాల్లో వేరు కాదు. అయితే ఇంగ్లండ్‌లో ఆ వయసుకు చెప్పేది శిలాజాలు, వారసత్వం, పరిసరాలకు తగ్గ మార్పులు, అంతవరకే. వయసును బట్టి ఎంత లోతు అన్నది అసలు చర్చ కావాలి.

ఇక అర్థం గురించిన భయం. మనిషి జంతువే అని చెబితే నీతి ఏమవుతుంది, దేవుడు ఏమవుతాడు? దీనికి జీవశాస్త్రం దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆత్మను దేవుడే సృష్టిస్తాడన్న నమ్మకాన్ని ఉంచుకుంటూనే, శరీరం పరిణామం మీద పరిశోధనకు అభ్యంతరం లేదని 1950లోనే పోప్ పన్నెండవ పయస్ అన్నారు. 20వ శతాబ్దపు పరిణామశాస్త్రాన్ని కట్టినవాళ్ళలో ఒకరైన థియోడోసియస్ డాబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. మరోవైపు సైన్స్ దేవుణ్ణి తోసిపుచ్చిందని చెప్పే జీవశాస్త్రవేత్తలూ ఉన్నారు. క్లాసులో ఇది చెబితే వాళ్ళూ పాఠం హద్దు దాటినట్టే. మన దగ్గర దశావతారాల వరసలోనే పరిణామం ఉందని ముచ్చటపడేవాళ్ళున్నారు. చేప, తాబేలు, వరాహం వరస చక్కగానే ఉంది. కానీ అవతారకథ ఒకే దేవుడు వేర్వేరు రూపాలెత్తడం గురించి చెబుతుంది, ఒక జీవి సంతానం మరోలా మారడం గురించి కాదు. రెంటినీ కలిపితే రెంటికీ అన్యాయమే.

జీఎం పంట మీద గొడవ వేరు, ఇది వేరు

సైన్స్ మీద వచ్చే ప్రతి వివాదాన్నీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ప్యూ సంస్థ 2014లో అమెరికా ప్రజల్నీ శాస్త్రవేత్తల్నీ ఒకే ప్రశ్నలు అడిగింది. జన్యుమార్పిడి (జీఎం) ఆహారం తినడం సురక్షితమేనన్నవాళ్ళు శాస్త్రవేత్తల్లో 88 శాతం, ప్రజల్లో 37 శాతం. మనిషి పరిణామం విషయంలో 98 శాతం, 65 శాతం. మరిన్ని అణు విద్యుత్ కేంద్రాలు కావాలన్నవాళ్ళు 65, 45.

చూడండి, అణు విద్యుత్ దగ్గర శాస్త్రవేత్తలే చీలిపోయారు. అది సహజం. 'కట్టాలా' అన్నది ఖర్చు, ప్రమాదం, వ్యర్థాలను ఎక్కడ పెట్టాలన్నవాటి లెక్క. అందులో విలువలుంటాయి. జీఎం పంటలో 'తింటే ప్రమాదమా' అన్నది సైన్స్ ప్రశ్న, 'విత్తనం మీద హక్కు ఎవరిది' అన్నది కాదు. తింటే ఏమీ కాదని ఒప్పుకుంటూనే కంపెనీ గుత్తాధిపత్యాన్ని వ్యతిరేకించవచ్చు. అందులో వైరుధ్యం లేదు. మనిషి పుట్టుక విషయంలో అమ్మే సరుకూ లేదు, లాభపడే కంపెనీ లేదు. ఇక్కడ పణంగా ఉన్నది మనమెవరం అన్న భావన.

2017లో కైట్లిన్ డ్రమ్మండ్, బరూక్ ఫిష్‌హాఫ్ అనే పరిశోధకులు చేసిన పరిశీలనలో ఈ తేడా బయటపడింది. మనిషి పరిణామం, బిగ్ బ్యాంగ్ లాంటి విషయాల్లో చదువు, సైన్స్ అవగాహన పెరిగేకొద్దీ మతవిశ్వాసాన్ని బట్టి జనం మధ్య దూరం పెరిగింది. జీఎం ఆహారం, నానో టెక్నాలజీల్లో అలాంటి చీలిక పెద్దగా కనబడలేదు. చదువుకుంటే అన్నీ సర్దుకుంటాయన్న ధీమాకు ఇది ఎదురు. తెలివి పెరిగినవాడు తనవాళ్ళ వైపు వాదించడంలో కూడా తెలివి మీరతాడు.

పదో తరగతి పుస్తకంలో ఏం జరిగింది

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో 'వారసత్వం, పరిణామం' అన్న అధ్యాయం పేరు 'వారసత్వం' అయింది. పరిణామం, శిలాజాలు, మనిషి పరిణామం భాగాలు పోయాయి. బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ విడుదల చేసిన నిరసన లేఖ మీద 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు తదితరులు సంతకాలు చేశారు. డార్విన్‌ను నిషేధించారన్న శీర్షికలూ వచ్చాయి.

నిషేధం అన్నది తప్పు మాట. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికి, ఒకే విషయం రెండుచోట్ల రాకుండా చూడడానికి తీశామని, పన్నెండో తరగతిలో పరిణామం పూర్తి అధ్యాయంగా ఉందని ఎన్‌సీఈఆర్‌టీ చెప్పింది. అక్కడ ఉన్న మాట నిజమే. అదే కోతలో మూలకాల ఆవర్తన పట్టిక అధ్యాయమూ పోయింది, దానికి మతంతో పనే లేదు కాబట్టి భారం వాదనకు కొంత బలం చేకూరుతుంది. అయితే పదో తరగతి వరకు సైన్స్ అందరూ చదువుతారు. పదకొండులో జీవశాస్త్రం తీసుకునేది కొందరే. ఇంజనీర్, లాయర్, అకౌంటెంట్ కాబోయే పిల్లలకు ఆ పుస్తకాల్లో ఈ పాఠం ఇక ఎదురుపడదు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ(హెచ్)ను అభ్యంతరం చెప్పినవాళ్ళు గుర్తుచేసేది ఇందుకే. కోత వెనక ఉద్దేశం ఏదైనా, ఫలితం ఇదే.

మిగిలిన 'వారసత్వం' అధ్యాయం, పిల్లలు తల్లిదండ్రుల్లా ఉంటారు గానీ అచ్చు గుద్దినట్టు ఉండరని, ప్రతి తరంలోనూ చిన్నచిన్న తేడాలు వస్తాయని ఇప్పటికీ చెబుతోంది. ఆ తేడాలు లక్ష తరాల పాటు పోగుపడితే ఏమవుతుందని ఏ పిల్లో లేచి అడిగితే, జవాబు రెండేళ్ళ తర్వాతి పుస్తకంలో ఉంది. అప్పటికి ఆ పిల్ల జీవశాస్త్రం తీసుకుని ఉంటే.